కుట్టుమిషన్ పథకం మూల్యాంకనం: 84 ప్రశ్నల ఫారం పట్టుకుని ఊళ్ళోకి దిగే ముందు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. హన్మకొండలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నారు. ములుగు, భూపాలపల్లి జిల్లాల్లో మూడేళ్ళపాటు 320 మంది ఆడవాళ్ళకు కుట్టు శిక్షణ ఇచ్చి మిషన్లు పంచారు. ఇప్పుడు నిధులిచ్చినవాళ్ళు మూల్యాంకనం చేయమన్నారు, అది కూడా "మనుషుల్ని కేంద్రంగా పెట్టుకుని" చేయమన్నారు. మీ చేతిలో 84 ప్రశ్నల ఫారం, నలుగురు సర్వేయర్లు, 40 రోజుల గడువు ఉన్నాయి. ఫారం పక్కన పడేసి కథలు రాసుకు రావాలా, లేక అదే ఫారానికి నాలుగు ఫొటోలు, నాలుగు మాటలు జోడిస్తే సరిపోతుందా అన్నది మీ సందేహం.

రెండూ కాదు. ఫారం ఉంచుకోండి, కానీ దాన్ని వెనక్కి నెట్టండి. ముందు పదిరోజులు ఫారం లేకుండా ఊళ్ళలో కూర్చోండి. బాగుపడటం అంటే ఏమిటో ఆ ఆడవాళ్ళ నోటనే విని, దాన్నిబట్టి ఫారాన్ని మళ్ళీ రాయండి. చివర్లో మీరు రాసిందాన్ని నిధులిచ్చినవాళ్ళ కంటే ముందు వాళ్ళకు చదివి వినిపించండి. నేను కింద రాసేదంతా ఈ మూడు పనులూ ఎందుకు, ఎలా, ఎక్కడ బెడిసికొడతాయి అన్నదే.

నాది పరకాల దగ్గరి ఊరు. ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) పట్టుకుని ఇంటింటికీ తిరగడంతో ఈ పనిలోకి వచ్చాను. తర్వాత సంస్థల కోసం మూల్యాంకనాలు చేస్తూ పదిహేనేళ్ళు దాటింది. కాబట్టి ఇది క్లాసులో చెప్పే పాఠం కాదు, ఎండలో తిరిగి తెలుసుకున్నది. అందులో నా తప్పులూ ఉన్నాయి.

పింఛను సంగతితో మొదలుపెడతాను, ఎందుకంటే అది అందరికీ తెలిసిన పథకం. ఆసరా పింఛను 2014 నవంబరులో వెయ్యి రూపాయలతో మొదలై, 2019లో వృద్ధులకు, వితంతువులకు 2,016 అయింది. రికార్డు చూస్తే ఈ పథకం లెక్క చాలా శుభ్రం: ఇంతమందికి మంజూరు, ఇంతమందికి పంపిణీ. మా వైపు ఒక ఊళ్ళో ఒక అవ్వను "పింఛను అందుతోందా?" అని అడిగాను. "అందుతుంది బిడ్డా, మంచిగనే ఉన్నది" అంది. ఫారంలో 'అవును' అని టిక్కు పెట్టుకుని వచ్చేయొచ్చు. నేను వెళ్ళకుండా కూర్చుని, "పోయిన నెల పింఛను తెచ్చుకున్న రోజు పొద్దున లేచినకాడి నుంచి చెప్పు అవ్వా" అన్నాను.

అప్పుడు మొదలైంది. "మొదటి రోజు పోతె వేలిముద్ర పడలే. రేపు రమ్మన్నడు. మల్ల పోయిన. రెండోసారి నూనె రాసి తుడిస్తె పడ్డది. రెండువేలిచ్చిండు, పదారు రూపాయలు చిల్లర లేదన్నడు." ఆటోకు పోనూ రానూ నలభై, రెండుసార్లకు ఎనభై. కాగితం మీద 2,016 ఉంటే అవ్వ కొంగుకు ముడిపడింది 1,920. రెండు రోజులు పోయాయి. పదహారు రూపాయల గురించి ఆమె గొడవపడలేదు, ఫిర్యాదుగా కూడా చెప్పలేదు. అదొక మామూలు సంగతి అన్నట్టు చెప్పుకుపోయింది. నేను 'ఏమైనా ఇబ్బంది ఉందా?' అని అడిగి ఉంటే ఈ ముక్క ఎప్పటికీ బయటికి వచ్చేది కాదు, ఎందుకంటే ఆమె దృష్టిలో అది ఇబ్బందే కాదు.

ఆ రోజే ఇంకొకటి కూడా అంది. "అంగడికి పోతే మనవనికి బిస్కెట్ పుడ కొనిస్త. ఎవల్నడగ." పింఛను ఆమెకు ఏం చేసిందో ఆ మాటలో ఉంది. మందులు, బియ్యం, ఖర్చుల శాతాలు అడిగే ఏ ఫారంలోనూ 'ఎవల్నడగ' అనే గడి ఉండదు.

"లాభం ఉందా?" అని అడగకండి. మన దగ్గర ఈ ప్రశ్నకు ఒకటే జవాబు: ఉంది. లేదంటే పేరు తీసేస్తారేమోనన్న భయం ఒకటి, ఇంటికొచ్చిన మనిషిని చిన్నబుచ్చకూడదన్న మర్యాద ఇంకొకటి. పైగా మీ సర్వేయర్లు మిషన్లిచ్చిన సంస్థ బ్యాగు భుజాన వేసుకుని వెళ్తే ఇంక చెప్పనే అక్కర్లేదు. బ్యాగులు, టోపీలు ఆఫీసులో పెట్టి వెళ్ళండి. 'మీ అభిప్రాయం ఏమిటి'కి బదులు 'నిన్న ఏం చేశారు', 'మొన్న ఆదివారం మిషన్ దగ్గర ఎంతసేపు కూర్చున్నారు', 'ఆఖరుసారి ఎవరి బట్ట కుట్టారు, ఏమిచ్చారు' అని అడగండి. నిన్నటి గురించి అబద్ధం చెప్పడం కష్టం, అవసరం కూడా ఉండదు.

మీ పథకం లాంటిదే ఒకటి నేను గూడూరు వైపు తండాల్లో చూశాను. అక్కడ ఫారంలో 'మిషన్ మీద నెల ఆదాయం' అన్న గడి ఉంది. ఒకామె 'ఏం లేదు' అంది, సర్వేయర్ సున్నా వేశాడు. మర్నాడు నేను వెళ్ళి నిన్న మొన్నటి పని అడిగితే తేలింది: పిల్లల స్కూలు బట్టలు తనే కుట్టింది. వదినకు రెండు జాకెట్లు కుట్టి ఇస్తే వదిన వచ్చి ఈమె మిరపచేలో ఒక రోజు కలుపు తీసింది. పక్కింటామెకు లంగా కుట్టి ఇస్తే ఆమె ఈమె చంటిపిల్లను మధ్యాహ్నం దాకా చూసుకుంది. బదులు పని మన ఊళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే. పైసలు చేతులు మారలేదు కాబట్టి ఫారం లెక్కలో ఆ మిషన్ పనికిరానిది. ఆమె లెక్కలో అది ఒక కూలీ మనిషి. ఆ గడిని మేం తర్వాత 'మిషన్ పనికి బదులుగా ఏం వచ్చింది: పైసలా, పనా, వస్తువా, మాట సాయమా' అని మార్చుకున్నాం. సున్నాలు చాలావరకు పోయాయి.

అన్నీ మంచివే బయటపడతాయని కాదు. అదే తండాలో ఇంకొకామె మిషన్‌కు మోటారు బిగించుకోవడానికి సంఘం అప్పు తీసుకుని, కిస్తీలు కట్టడానికి పత్తి ఏరే కూలికి పోతోంది. మిషన్ ఉన్నదేమో ఇంట్లో, మనిషి ఉన్నదేమో చేలో. ఆమె మీ లెక్కలో 'శిక్షణ పూర్తి, మిషన్ అందింది, మోటారు కూడా ఉంది' కింద మూడు టిక్కులతో కనిపిస్తుంది.

ఇక ఎవరు ఇంట్లో ఉంటారన్నది నా దృష్టిలో ఫారం కంటే పెద్ద సంగతి. ఫిబ్రవరిలో మా వైపు మిరప ఏరే కాలం. పొద్దున ఎనిమిదికల్లా ట్రాలీ ఆటోలెక్కి వెళ్తే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే రావడం. ఒకసారి ఫిబ్రవరిలోనే ఒక సర్వే చేయించాను. జాబితాలో ఉన్న ఇంటికి తాళం ఉంటే పక్కింటికి వెళ్ళమని నేనే రాసిచ్చాను, చాలామంది చేసే పనే. ఫలితాలు చూస్తే కుట్టుపని చేసుకునేవాళ్ళు ఊహించని స్థాయిలో ఉన్నారు. ఎందుకుండరు? పగలు పదకొండుకు ఇంట్లో దొరికేది ఇంటిపట్టున కుట్టుకునేవాళ్ళే. తాళం వేసిన ఇళ్ళవాళ్ళంతా మిరపచేలలో ఉన్నారు, అంటే మిషన్ పక్కన పెట్టి కూలికి వెళ్ళినవాళ్ళు. నేను తీసుకున్న ఆ ఒక్క నిర్ణయంతో పథకం గొప్పగా నడుస్తున్నట్టు తేలింది. రిపోర్టు అచ్చుకు పోయే ముందు మా టీంలోని ఒక అమ్మాయి, "మేడం, మా అమ్మకు కూడా మిషన్ వచ్చింది, మరి ఆమె ఇందులో లేదు కదా" అంటే అప్పుడు వెలిగింది. సాయంత్రాలు ఏడు తర్వాత మళ్ళీ తిరిగాం. తాళం ఉన్న ఇంటికి పక్కిల్లు బదులు కాదు, మళ్ళీ వెళ్ళడమే బదులు. మూడుసార్లు వెళ్ళినా దొరకకపోతే 'దొరకలేదు' అని రాయండి, ఎందుకు దొరకలేదో కూడా రాయండి.

అలాగే రోడ్డు. వాన పడితే వాగు దాటలేని గూడేలు ఏటూరునాగారం, కన్నాయిగూడెం వైపు ఎన్నో ఉన్నాయి. కారు ఆగేచోటే మూల్యాంకనం ఆగిపోతుంది. ఈ జబ్బు మనదొక్కటే కాదు, గ్రామీణాభివృద్ధి మీద రాసిన రాబర్ట్ ఛాంబర్స్ 1983లోనే దీన్ని ఎత్తిచూపాడు: అధికారులు, నిపుణులు తారురోడ్డు పక్క ఊళ్ళనే, ఎండాకాలంలోనే, మగవాళ్ళనే, పథకం అందినవాళ్ళనే చూసి వస్తారని. నలభై ఏళ్ళయినా ఆ మాటలో ఒక్కటి కూడా పాతబడలేదు.

పథకం అందినవాళ్ళనే చూడటమన్నది ముఖ్యంగా గుర్తుపెట్టుకోండి. మీ 320 మంది జాబితా మీ సంస్థ తయారుచేసింది. శిక్షణ మధ్యలో మానేసినవాళ్ళు, అడిగినా పేరు రానివాళ్ళు అందులో ఉండరు. 2018 మేలో హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి సీజనుకు 4,000 చొప్పున చెక్కులు పట్టాదారులకు ఇచ్చారు. చెక్కు అందిందా అని పట్టాదారు జాబితా పట్టుకుని తిరిగితే, ఆ భూమి దున్నుతున్న కౌలురైతు మీకు ఎక్కడా తగలడు. ఆయన జాబితాలో లేడు కాబట్టి. మీరు వెళ్ళే ప్రతి ఊళ్ళో మానేసినవాళ్ళలో ఇద్దర్ని, అసలు రానివాళ్ళలో ఇద్దర్ని తప్పక కలవండి. ఈ నలుగురూ మీకు మిగతా ఇరవైమంది కంటే ఎక్కువ నేర్పుతారు.

ఇప్పుడు బాగుపడటం అంటే ఏమిటో వాళ్ళనే అడగడం. ఇది మాటల్లో అడిగితే రాదు, "మంచిగుండాలె" అంటారు, అంతే. నేను చేసేది పాత పద్ధతే. గ్రామ సంఘం అరుగు మీదో, వేపచెట్టు కిందో ఎనిమిది పదిమంది కూర్చున్నాక నేల మీద ముగ్గుపిండితో గుండ్రాలు గీస్తాం. 'కుట్టు నేర్చుకున్నాక బాగుపడిందని ఎవర్నంటారు, చూస్తే ఎట్ల తెలుస్తుంది?' అని అడిగి ఒక్కో జవాబుకు ఒక్కో గుండ్రం. తర్వాత ఒక్కొక్కరికి పది చింతగింజలిచ్చి ఏది ముఖ్యమో దానిమీద ఎక్కువ వేయమంటాం. గింజలు లెక్కపెట్టడం కంటే, వేసేటప్పుడు వాళ్ళలో వాళ్ళు వాదించుకునేది వినండి, రాసుకోండి. ఒక ఊళ్ళో ఆదాయానికి పడ్డ గింజలు తక్కువే. 'కిస్తీ రోజు ఎవరి ముందూ చేయి చాపకపోవడం' అన్న గుండ్రం నిండిపోయింది.

ఒక జాగ్రత్త. ఇలా ఒకసారి వచ్చిన కొలతను పట్టుకుని ఏళ్ళ తరబడి వాడకండి. 2019లో ఒక చోట ఆడవాళ్ళు చెప్పిన గుర్తుల్లో 'ఇంట్లో అడగకుండా బస్సెక్కి పుట్టింటికి పోవడం' ఒకటి. చాలా మంచి కొలత, రెండేళ్ళు వాడుకున్నాం. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి కింద ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. ఆ రోజుతో ఆ కొలత చచ్చిపోయింది. ఇప్పుడు చార్జీ ఎవరూ అడగనక్కర్లేదు, కాబట్టి దానివల్ల కుట్టుపని గురించి ఏమీ తెలియదు.

దుబాసీ గురించి క్లుప్తంగా. మీకు కోయ గూడేలు, లంబాడీ తండాలు రెండూ తగులుతాయి. తెలుగు అర్థమవుతుంది కదా అని తెలుగులోనే లాగించకండి, ముసలివాళ్ళు, కొత్త కోడళ్ళు నోరు విప్పరు. ఆ భాష తెలిసిన మనిషిని తీసుకెళ్ళండి. కానీ ఆ మనిషి శిక్షణ ఇచ్చిన టీచరో, గ్రామ సంఘం లెక్కలు రాసే వీఓఏనో, ఊరి పెద్ద బంధువో కాకుండా చూసుకోండి.

"కథలు" గురించి అడిగారు. కథలు సేకరించడానికీ ఒక క్రమం ఉంది. 1990లలో బంగ్లాదేశ్‌లో పనిచేస్తూ రిక్ డేవిస్ అనే ఆయన తయారుచేసిన పద్ధతి ఒకటి నాకు బాగా పనికొచ్చింది. 'ఈ ఏడాదిలో నీకు జరిగిన మార్పుల్లో అన్నిటికన్నా పెద్దది ఏది, ఎందుకు?' అని అడిగి రాసుకుంటారు. తర్వాత ఆ కథల్లోంచి ముఖ్యమైనవి ఎంచుకోవడానికి ఊళ్ళో ఒకసారి, మండలం స్థాయిలో ఒకసారి, సంస్థలో ఒకసారి కూర్చుంటారు. ఎందుకు అదే ఎంచుకున్నారో ప్రతి మెట్టులోనూ రాస్తారు. తమాషా ఏమిటంటే ఊళ్ళో ఆడవాళ్ళు ఎంచుకున్న కథ, ఆఫీసులో మనం ఎంచుకున్న కథ ఒకటి కావడం అరుదు. ఒకచోట ఆఫీసువాళ్ళు టైలరింగ్ షాపు పెట్టుకున్నామెను ఎంచారు. ఊళ్ళోవాళ్ళు మాత్రం "ఇప్పుడు మా అత్త నన్ను పత్తి ఏర పొమ్మనదు" అన్నామెను ఎంచారు. ఆ తేడానే రిపోర్టులో పెట్టండి. మెరిసే కథ ఒక్కటి తీసుకుని అట్టమీద ఫొటో వేస్తే మాత్రం అది మూల్యాంకనం కాదు, ప్రచారం.

నా పెద్ద తప్పు కూడా చెప్పాలి. సామాజిక తనిఖీ మీద నాకు చాలా గౌరవం. 1994లో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ జన సునవాయిలతో (బహిరంగ విచారణ సభలతో) ఊరి లెక్క ఊరిముందే చదివే పద్ధతి మొదలుపెట్టింది. ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ గ్రామసభ తనిఖీని చట్టంలోకి తెచ్చింది. మన ఉమ్మడి రాష్ట్రంలో 2006 నుంచి అది గట్టిగా నడిచింది, 2009లో దానికోసం ప్రత్యేక సొసైటీయే ఏర్పడింది. ఆ ఊపులో నేను బహిరంగంగా చెప్పడమే ధైర్యం అనుకునేదాన్ని. ఒక కూలీ ఆమెను నేనే ప్రోత్సహించి మండల సభలో మైకు ముందు నిలబెట్టాను. తన పేరు మీద వేరేవాళ్ళు కూలి తీసుకున్న సంగతి చెప్పింది, చప్పట్లు కొట్టారు. నేను వరంగల్ వచ్చేశాను. తర్వాత నెల ఆమెకు ఊరికి అన్నిటికన్నా దూరమైన చెరువు పనే వేశారట, అదీ రాళ్ళున్న చోట. నాకు ఆ విషయం ఆరు నెలలకు తెలిసింది, అదీ వేరేవాళ్ళ ద్వారా. అప్పటినుంచి పేరు చెప్పించడం, ఫొటో తీయడం ఆమె ఇష్టం మాత్రమే కాదు, నా బాధ్యత కూడా అనుకుంటాను. ఆమె సరేనన్నా సరే, రేపు ఆమెకు ఏమవుతుందో ఆలోచించకుండా అడగను. ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు మీ ఫారంలో ఉంటే ఈరోజే కొట్టేయండి. మూల్యాంకనానికి వాటితో పనిలేదు.

ఇంత చెప్పాక మీరు అంకెలకు నేను వ్యతిరేకిని అనుకోవద్దు. మాటలతో ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో తెలుస్తుంది. ఎంతమందికి జరిగింది, పథకం వల్లే జరిగిందా అన్నవి వాటితో తేలవు. ఒక్కోసారి మనిషి మాట వినడానికే పెద్ద సర్వే కావాలి. ఉపాధి కూలి, పింఛన్ల చెల్లింపుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వేలిముద్రల స్మార్ట్‌కార్డులు తెచ్చినప్పుడు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ దాన్ని పరిశీలించారు. ఆదిలాబాద్, ఖమ్మం సహా 8 జిల్లాల్లో 157 మండలాలను లాటరీతో రెండు భాగాలు చేసి చూశారు. కూలి త్వరగా అందిందని, మధ్యలో కారిపోయేది తగ్గిందని తేలింది. నాకు నచ్చిన భాగం వేరు. కార్డుల వల్ల నష్టపోయిన మధ్యవాళ్ళ ఫిర్యాదులు పైకి గట్టిగా వినిపించి, ప్రభుత్వం ఒక దశలో కార్యక్రమాన్ని ఆపేసే ఆలోచన దాకా వెళ్ళింది. లబ్ధిదారుల్ని వేల సంఖ్యలో అడిగితే అత్యధికులు పాత పద్ధతి కంటే కార్డే నయం అన్నారు. నోరున్న కొద్దిమంది మాటకు, నోరులేని ఎక్కువమంది మాటకు తేడా అక్కడ అంకెల్లోనే కనిపించింది. చెట్టుకింద పదిమందితో కూర్చుంటే ఆ పదిమందిలో కూడా నోరున్నవాళ్ళే మాట్లాడతారు, మరిచిపోకండి.

కాబట్టి మీ 40 రోజులకు నేనైతే ఇలా వేసుకుంటాను. మొదటి పదిరోజులు ఐదారు ఊళ్ళలో కూర్చోవడం, అందులో రెండు ఊళ్ళు బస్సు పోనివి. తర్వాత రెండు మూడు రోజులు ఫారం కొట్టేయడం, తిరిగి రాయడం. 84 ప్రశ్నలు గంటన్నర పడుతుంది, అది కూలి మనిషికి పూటలో సగం. పాతికకు తెండి. ఏ ప్రశ్న తీసేయాలో తెలియకపోతే, 'ఈ జవాబు ఏదొచ్చినా మేం మార్చే పని ఏదైనా ఉందా?' అని మిమ్మల్ని మీరే అడిగి, లేదంటే కొట్టేయండి. పదిహేను రోజులు సర్వే, సాయంత్రాలు కలుపుకుని. ఐదు రోజులు లెక్కలు, చిత్తుప్రతి. మిగిలినవి ఊళ్ళకు తిరిగి వెళ్ళడానికి. ఈ ఆఖరు వారాన్నే గడువు ముంచుకొచ్చిందని అందరూ మింగేస్తారు. మీ బడ్జెట్‌లో దీనికి ఇప్పుడే విడిగా పెట్రోలు, టీ ఖర్చు రాసి పెట్టుకోండి, అప్పుడు ఎవరూ కోయలేరు.

ఆ తిరిగి వెళ్ళడం మర్యాద కోసం అనుకోకండి. గూడూరు పనిలోనే, మానేసినవాళ్ళ గురించి మేం 'ఆసక్తి తగ్గడం వల్ల' అని రాశాం. ఫారంలో ఆ గడికే ఎక్కువ టిక్కులు పడ్డాయి. ఊళ్ళో చదువుతుంటే వెనక కూర్చున్న ఒక అమ్మాయి నవ్వింది. ఎందుకు నవ్వావంటే చెప్పలేదు. సభ అయిపోయి అందరూ లేచాక నా పక్కకు వచ్చి, "ఆసక్తి లేక కాదు మేడం, ఆ సెంటర్ల బాత్రూం లేకుండె" అంది. మధ్యాహ్నం రెండు నుంచి ఐదున్నర దాకా క్లాసు, చుట్టూ ఇళ్ళు, మగ్గు పట్టుకుని ఎటు పోవాలి? ఆ ముక్క మా ఫారంలో లేదు, మా పదిరోజుల కూర్చోవడంలో రాలేదు. చదివి వినిపించకపోతే అసలు రాకపోయేది. మరుసటి బ్యాచ్‌ను ఆ సంస్థ బాత్రూం ఉన్న స్కూలు గదికి మార్చింది.

మీ 84 ప్రశ్నలు వీలైతే ఇక్కడ పెట్టండి, ఏవి కొట్టేయాలో నేను చూసి చెప్తాను. ఇంకొక్కటి: మేడారం జాతర ఉన్న ఏడాది అయితే మాఘమాసంలో ములుగు వైపు పని పెట్టుకోకండి. ఇంట్లో ఎవరూ దొరకరు, మీ సర్వేయర్లు కూడా దొరకరు.